మూడు రాళ్ళు, మూడు కట్టడాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర గురించి ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. నేను చరిత్రకారుణ్ణి కాను. ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగా ఫైళ్ళు రాసి రిటైరైనవాణ్ణి. అయినా మా మనవరాలి పుణ్యమా అని ఈ వయసులో తెలుసుకున్న నాలుగు ముక్కలు పెన్షనరు మిత్రులతో పంచుకుంటాను.

మనవరాలు ఎనిమిదో తరగతి. "శిలలు, ఖనిజాలు" పాఠం అయ్యాక, ప్రసిద్ధమైన రాతి కట్టడాల నమూనాలు చేసి తీసుకురమ్మని వాళ్ళ సైన్సు టీచరుగారు చెప్పారట. అమరావతి స్తూపం, చార్మినార్, రామప్ప గుడి ఎంచుకుంది. థర్మోకోల్, రంగు డబ్బాలు ముందేసుకుని కూర్చుంటే నేను ఊరుకోలేక, "మూడింటికీ థర్మోకోలేనా తల్లీ? ఏది ఏ రాయో ఎలా తెలుస్తుంది?" అన్నాను. "అయితే రాళ్ళు మీరే తెచ్చిపెట్టండి తాతయ్యా" అంది. ఇక తప్పుతుందా!

గ్రానైటు ముక్కలు బండలమ్మే కొట్లో ఊరికే ఇచ్చారు. ఇసుకరాయి ములుగు వైపు ఉన్న ఒక మిత్రుడు పంపించాడు. గుడి రాయి కాదండోయ్, చేలో రాయే. సున్నపురాయి కోసం పల్నాడులోని మా ఊరికి నేనే బస్సెక్కాను. బంకమట్టితో ఆకారం చేసి, పైన ఆ ముక్కలే అతికించాం.

ముందు చార్మినార్. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. ఎత్తు సుమారు 56 మీటర్లు. గ్రానైటు రాయి, సున్నం దాని శరీరం. భూమి లోతుల్లో కరిగిన రాయి నెమ్మదిగా చల్లారితే గ్రానైటు అవుతుంది. నెమ్మదిగా చల్లారింది కనుకనే అందులోని ఖనిజాలు పలుకులు పలుకులుగా కంటికి కనిపిస్తాయి. భూతద్దం ఇస్తే పిల్ల తానే పట్టుకుంది: గాజులా మెరిసేది పలుగురాయి, లేత గులాబీ రంగుది ఫెల్‌స్పార్, నల్లగా తళుక్కుమనేది అభ్రకం. హైదరాబాదు చుట్టూ ఉన్న గుట్టలన్నీ ఇదే రాయి. కాలి కింద ఉన్న రాయితోనే ఊరు కట్టుకున్నారు.

తరువాత రామప్ప. పాలంపేటలో కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గోడలు ఎర్రని ఇసుకరాయి. నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకున్న ఇసుక గట్టిపడి అయిన రాయి అది. మదనికల బొమ్మలు మాత్రం డోలరైటు అనే నల్లరాయి. నేల పగుళ్ళలోకి ఎగబాకి చల్లారిన రాయి కనుక రేణువులు సన్నం, గట్టిదనం ఎక్కువ. అందుకే దానిమీద నగల నగిషీ కూడా నిలిచింది, అద్దంలాంటి నునుపూ వచ్చింది. పైన విమానానికి నీటిమీద తేలేంత తేలికైన ఇటుకలు వాడి బరువు తగ్గించారు. ఎక్కడ ఏది పనికొస్తుందో ఆ శిల్పులకు బాగా తెలుసు.

ఆఖరున అమరావతి. శాతవాహనుల కాలంలో వైభవం చూసిన మహాస్తూపం. శిల్పాలు తెల్లగా ఉంటాయి కనుక చాలామంది చలువరాయి అనుకుంటారు గాని, అది పల్నాటి సున్నపురాయి. మేకుతో గీసి నిమ్మరసం చుక్క వేస్తే సన్నగా నురగ వస్తుంది. గ్రానైటు మీద రాదు. చెక్కడానికి మెత్తగా అనువైన ఈ రాయికి ఒక శాపం ఉంది. బట్టీలో కాలిస్తే సున్నమైపోతుంది. స్తూపం పాడుబడ్డాక 18వ శతాబ్దం చివర ఆ దిబ్బను తవ్వి, పలకలను కొత్త కట్టడాలకు వాడుకున్నారు, కొన్నిటిని సున్నానికి కాల్చారు. కర్నల్ మెకంజీ చూసి బొమ్మలు గీయించినవాటిలో కొన్ని తరువాత కనిపించనేలేదు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరాయి, వాటిలో చాలా భాగం లండన్ వెళ్ళింది. గ్రానైటుతో కట్టి ఉంటే బట్టీ భయం ఉండేది కాదు.

ఇది చెబుతూ చెబుతూ నేను ఆగిపోయాను. అరవై ఏళ్ళుగా ఇంట్లో కూడా చెప్పని సంగతి ఒకటి నోటికొచ్చింది. నాకు పదేళ్ళప్పుడు మా ఊళ్ళో సున్నపు బట్టీ ఉండేది. పిల్లలం రాళ్ళు ఏరి తెస్తే తట్టకు అయిదు నయాపైసలు. ఊరి బయట దిబ్బలో నాకొక రాయి దొరికింది. దానిమీద తామరపువ్వు, సగం రేకులు విరిగి ఉన్నాయి. అందంగా ఉందనిపించింది. అయినా తట్టలో వేశాను. అది ఏ కాలానిదో ఎవరికీ తెలియదు, ఇక తెలియదు కూడా. సర్వీసులో ఒక్క కాగితం పోకుండా కాపాడి మంచి పేరు తెచ్చుకున్నాను. తిరిగి రాయలేని దస్తావేజును మాత్రం అయిదు పైసలకు కాల్పించాను.

"ఆ రాయి ఇప్పుడు ఎక్కడుంది తాతయ్యా?" అంది మనవరాలు. "ఏ గోడకో వెల్ల అయి ఉంటుందమ్మా" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. స్తూపం నమూనాకు ప్రదక్షిణ మార్గం చుట్టూ పలకలు పేరుస్తూ, ఒకచోట ఖాళీ వదిలేసింది. స్కూల్లో ఎవరో అడిగితే, "ఇక్కడిది సున్నమైపోయింది" అని చెప్పిందట. బహుమతి రెండోదే వచ్చింది. నాకు చాలు.

మిత్రులకు నా మనవి రెండు ముక్కలు. సెలవుల్లో మనవలు వస్తే బంకమట్టి, నాలుగు రకాల రాళ్ళు, ఒక నిమ్మకాయ ముందు పెట్టండి. రాయి గుణం చేతికి తెలిస్తే చరిత్ర దానంతట అదే తెలుస్తుంది. మీ ఊరి దిబ్బలోనో, చెరువు గట్టునో చెక్కిన రాయి కనిపిస్తే కదపకుండా పురావస్తు శాఖవారికి ఒక ఉత్తరం రాయండి. ఉత్తరాలు రాయడం మనకు కొత్తేమీ కాదు కదా!