పదోవంతు కామెట్

ప్రయాణికుల జెట్ విమానములలో మొదటిదైన కామెట్ 1949 జులై 27న బ్రిటన్‌లో తొలిసారి ఎగిరినది. దాని రెక్కల నిడివి 35 మీటర్లు. అందులో పదోవంతు నమూనాను స్వయముగా కట్టి రేడియోతో ఎగురవేయుటకు ప్రతి కొలతను పదితో భాగించిన చాలునని తోచును. కాని అట్లు చాలదు. కామెట్ దేహపు పైరేకు మందము సుమారు 0.7 మిల్లీమీటర్లు. దానిలో పదోవంతు కాగితమంత పలుచన. వ్రేలు తగిలినచో సొట్టపడును. అందుచే నమూనాకారులు బాల్సా కొయ్యను, గాజునార గుడ్డను ఆశ్రయించిరి. గాలి జిగట మాత్రము నమూనాతోపాటు తగ్గదు. చిన్న రెక్కపై దాని ప్రభావము హెచ్చు. ముక్కు కొంచెము ఎక్కువ ఎత్తినను రెక్క తేల్చుశక్తిని కోల్పోవును.

అసలు చిక్కు ఇంజనుతో వచ్చినది. అమెరికాలో గుడ్ అను కవల సోదరులు 1937లోనే రేడియోతో నమూనా విమానమును నడిపిరి. అది ప్రొపెల్లరు విమానము. జెట్ నమూనాలలో చిరకాలము పిస్టను ఇంజనుతో తిరుగు పంకాను గొట్టములో దాచి సరిపెట్టుకొనిరి. కామెట్ ఇంజనులు నాలుగును రెక్కల మొదళ్లలోనే ఇమిడియున్నవి. అచట పంకాకు చోటెక్కడ? నిజమైన టర్బైనుతో నమూనా ఇంగ్లండులో 1983లో ఎగిరినది. తరువాత జర్మనీలో కుర్ట్ ష్రెక్లింగ్ ఇంటి పనిముట్లతో చేసికొనదగిన ఇంజనును రూపొందించెను. గాలిని నొక్కు చక్రమునకు అతడు వాడినది ఉక్కు కాదు, కార్బన్ నారతో బిగించిన ప్లైవుడ్! నిప్పుతో నడచు యంత్రములో కొయ్య ఎట్లు నిలిచినదని విద్యార్థులు అడుగవచ్చును. ఆ చక్రము మంటకు ముందువైపున, లోనికి వచ్చు చల్లగాలిలో తిరుగును.