అడుగులు లెక్కపెట్టే యజమాని

మన ఆరోగ్యం మీద యజమాని శ్రద్ధ పెడతానంటే వద్దనేవాళ్లెవరు? ఆ శ్రద్ధకి ఖరీదు ఎవరు కడుతున్నారన్నదే నా ప్రశ్న.

అమెరికాలో చాలామందికి వైద్య బీమా ఉద్యోగంతోపాటే వస్తుంది. బరువు, రక్తపోటు వంటి లక్ష్యాలు చేరుకున్న ఉద్యోగులకి బీమా ఖర్చులో 20 శాతం దాకా రాయితీ ఇవ్వడానికి అక్కడి నిబంధనలు ఒప్పుకునేవి. 2010 ఆరోగ్య చట్టం 2014 నుంచి దాన్ని 30 శాతానికి పెంచింది. చేరుకోలేనివాళ్లకి మరో దారి చూపాలన్న షరతు ఉన్నా, ఒకరికి రాయితీ అంటే పక్కవాళ్లకి జరిమానా కిందే లెక్క.

2013లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ ఉద్యోగులకి ఒక ఆన్‌లైన్ ప్రశ్నావళి ఇచ్చింది. నింపకపోతే నెలకి 100 డాలర్ల కోత. గర్భం దాల్చే ఆలోచన ఉందా అని కూడా అందులో స్త్రీలని అడిగారు. అధ్యాపకులు తిరగబడ్డారు. సెప్టెంబరులో కోత ఆగింది. ఆ 100 డాలర్లు ప్రొఫెసర్‌కీ, గుమాస్తాకీ ఒకటే. జీతాలే ఒకటి కావు.

వెస్ట్ వర్జీనియాది ఇంకా పాత కథ. అది బొగ్గుగనుల రాష్ట్రం. కంపెనీ ఇళ్లలో ఉంటూ, కంపెనీ టోకెన్లతో కంపెనీ కొట్లోనే సరుకులు కొనుక్కున్న కార్మికులు 1921లో బ్లెయిర్ కొండ దగ్గర తుపాకులు పట్టారు. వాళ్లు మెడకి కట్టుకున్న ఎర్ర రుమాళ్లనే 2018లో టీచర్లూ కట్టుకున్నారు. వీళ్లలో ఎక్కువమంది స్త్రీలు. దేశంలోనే బాగా తక్కువ జీతాలు వాళ్లవి. గో365 అనే ఫోన్ యాప్‌లో అడుగులు నమోదుచేసి పాయింట్లు తెచ్చుకోవాలనీ, లేకపోతే బీమాకి నెలకి 25 డాలర్లు అదనంగా కట్టాలనీ వాళ్లకి చెప్పారు. బీమా వర్తించకముందు చేతినుంచి పెట్టుకోవాల్సిన ఖర్చు మరో 500 డాలర్లు పెరుగుతుందన్నారు. కోపం చూసి ఆ యాప్‌ని వెనక్కి తీసుకున్నారు. అయినా జీతాల కోసం, బీమా భారం తగ్గించమని ఫిబ్రవరి 22న సమ్మె మొదలైంది.

పోనీ, ఇలాంటి కార్యక్రమాలతో బరువైనా తగ్గుతుందా? బీజేస్ అనే టోకు దుకాణాల సంస్థలో 160 చోట్ల పనిచేసే దాదాపు 33 వేలమంది మీద జరిగిన అధ్యయనం 2019లో వెలువడింది. కార్యక్రమం పెట్టిన చోట్ల, వ్యాయామం చేస్తున్నామని చెప్పినవాళ్లు ఎక్కువయ్యారు. 18 నెలల తర్వాత చూస్తే బరువు, రక్తపోటు, వైద్య ఖర్చు, సెలవులు, ఏవీ చెప్పుకోదగ్గంతగా మారలేదు.

నాకిది ఆశ్చర్యం కాదు. నడకకి తీరిక కావాలి, మంచి తిండికి డబ్బు కావాలి. పగలంతా తరగతిలో నిలబడి, ఇంటికొచ్చి వంటచేసి, పిల్లల్ని పడుకోబెట్టిన మనిషిని పట్టుకుని ఇంకా ఎన్ని అడుగులు వేశావని అడగడంలో శ్రద్ధ ఎక్కడుంది? ఇంటిచాకిరీలో వేసిన అడుగులకి ఏనాడైనా ఎవరైనా జీతం కట్టారా?

టీచర్లు 5 శాతం జీతం పెంపు సాధించుకుని మార్చి 7న బడులకి తిరిగి వెళ్లారు. నా దృష్టిలో ఆరోగ్య కార్యక్రమం అంటే అది.