పుంజా, పెట్టా? వేలికొన చెప్పిన జవాబు

గుడ్డు పగలగొట్టుకుని అప్పుడే బయటికి వచ్చిన కోడిపిల్లల్లో ఏది పుంజు, ఏది పెట్ట అన్న ప్రశ్నకు మనిషి వెతికిన జవాబులు చాలాకాలం ఊహలుగానే మిగిలాయి. పొడవుగా, మొనదేలి ఉన్న గుడ్డులో పెట్ట ఉంటుందని అరిస్టాటిల్ జంతుశాస్త్ర గ్రంథం చెబితే, క్రీస్తుశకం 1వ శతాబ్దపు రోమన్ వ్యవసాయ రచయిత కొలుమెల్లా అలాంటి గుడ్డు నుంచే పుంజు వస్తుందని రాశాడు. నిజానికి పక్షుల్లో పిల్ల ఆడదో మగదో తేల్చేది తల్లి ఇచ్చే క్రోమోజోము. అది పెంకు ఏర్పడకముందే ఖాయమవుతుంది కనుక గుడ్డు ఆకారానికీ పిల్ల లింగానికీ ఏ సంబంధమూ లేదు.

ఈ చిక్కుముడిని విప్పినది జపాన్. టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో కియోషి మసుయి, జురో హషిమోటో, వారి సహచరుడు ఓనో కోడిపిల్లల శరీర నిర్మాణాన్ని ఓపికగా పరిశీలించి, మలద్వారం లోపలి అంచున గుండుసూది తలంత చిన్న ఉబ్బు ఉంటుందనీ, దాన్ని బట్టి తొలిరోజునే పుంజును గుర్తించవచ్చుననీ కనుగొన్నారు. 1927లో కెనడాలోని ఒట్టావాలో జరిగిన ప్రపంచ కోళ్ల పరిశ్రమ మహాసభలో ఈ పద్ధతి వెల్లడి కావడంతో, గుడ్ల కోసం పెట్టలను మాత్రమే పెంచాలనుకునే పాశ్చాత్య హ్యాచరీలు, అంటే యంత్రాలలో గుడ్లు పొదిగించే కేంద్రాలు, దాని విలువను వెంటనే గ్రహించాయి.

పద్ధతి చెప్పడానికి తేలిక, చేతికి రావడానికి కష్టం. నిపుణుడు పిల్లను ఎడమ చేతిలోకి తీసుకుని, పొట్టను మెల్లగా నొక్కి రెట్టను బయటికి పంపి, బొటనవేలితో ద్వారాన్ని తెరిచి దీపం వెలుగులో చూస్తాడు. ఉబ్బు గుండ్రంగా, బిగువుగా, మెరుస్తూ ఉండి వేలికి అణగకపోతే పుంజు. చదునుగా ఉన్నా, తాకగానే చెదిరిపోయినా పెట్ట. అయితే కొన్ని పెట్టలలోనూ ఉబ్బు కనిపిస్తుంది, కొన్ని పుంజులలో అది అస్పష్టంగా ఉంటుంది. ఈ సందిగ్ధపు పిల్లల దగ్గరే ఏళ్ల అభ్యాసం అక్కరకు వస్తుంది. అలాగని అది మాటలకు అందని మహిమ ఏమీ కాదు. 1987లో బీడర్‌మన్, షిఫ్రార్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎక్కడ, ఏ ఆకారాన్ని చూడాలో వివరించే ఒక్క పేజీని అనుభవం లేనివారికి ఇచ్చినప్పుడు, ఫొటోలను చూసి వారు చెప్పిన సరైన జవాబులు దాదాపు 60 శాతం నుంచి 84 శాతానికి పెరిగాయి. ఫొటో చూసి చెప్పడం వేరు, కదిలే పిల్లను చేత పట్టుకుని చెప్పడం వేరు అన్నది నిజమే అయినా, నైపుణ్యానికి మూలం సరైన చోట చూపు నిలపడమేనని ఈ ప్రయోగం రుజువు చేసింది.

అమెరికాలో ఈ విద్య జపాన్ సంతతి యువకులకు జీవనాధారమైంది. 1937లో పెన్సిల్వేనియాలోని లాన్స్‌డేల్‌లో నిట్టా అనే నిపుణుడు దీనికోసమే ఒక పాఠశాల నెలకొల్పాడు. 1942లో పశ్చిమ తీరపు జపాన్ సంతతి కుటుంబాలను ప్రభుత్వం నిర్బంధ శిబిరాలకు తరలించిన కాలంలోనూ దేశం లోపలి హ్యాచరీలకు వారి వేళ్లు అవసరమయ్యాయన్నది గుర్తుంచుకోవలసిన చరిత్ర.

వేలితో పని లేకుండా నూగు రంగే చెప్పేలా జాతులను రూపొందించే మార్గాన్ని కేంబ్రిడ్జ్‌లో జన్యుశాస్త్రవేత్త పనెట్ చేపట్టి, 1929లో క్యాంబార్ జాతిని తయారుచేశాడు. ఈకలపై చారలు తెచ్చే జన్యువు పుంజులో రెండు ప్రతులుగా, పెట్టలో ఒక్కటిగా ఉంటుంది కాబట్టి ఆ జాతి పుంజుపిల్ల నూగు లేత రంగులో ఉంటుంది. రంగులు కలగలిసిన మన నాటుకోళ్లకు ఈ సూత్రం వర్తించదు.

గుడ్ల పరిశ్రమలో వేరుచేయడమంటే పుంజుపిల్లలకు చావే అన్న చేదు నిజాన్ని దాచకూడదు. జర్మనీ 2022 జనవరి 1 నుంచి పుంజుపిల్లలను ఇలా చంపడాన్ని నిషేధించింది. పెరటి పెంపకంలో ఆ తొందర లేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసం రూపొందించిన వనరాజ అనే కోడి రకం గుడ్లకూ మాంసానికీ పనికివచ్చేది కనుక అందులో పుంజుకూ విలువ ఉంది. పైగా అలవాటు లేని చేతితో నొక్కితే పసి కోడిపిల్ల పేగులు దెబ్బతినవచ్చు. కాబట్టి పెరట్లో కోళ్లు పెంచేవారు ఆ ప్రయత్నం మాని, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి జుట్టు ఎరుపెక్కడాన్నీ, మూడో నెలకు మెడమీదా నడుముమీదా ఈకలు కొనదేలడాన్నీ చూసి పుంజును గుర్తించడం మేలు.