డీహెచ్‌సీపీ, మా ఊరి గుత్త

ఆఫీసులో లాప్‌టాప్ తెరవగానే ఐపీ అడ్రస్ దానంతటదే వచ్చేస్తుంది. ఎవరిచ్చారు, ఎన్నాళ్ళకిచ్చారు అని మనం అడగం. ఇచ్చేది డీహెచ్‌సీపీ సర్వర్, అదీ లీజుకి. లీజుని మా ఆదోని, ఎమ్మిగనూరు వైపు గుత్త అంటాం. ఈ రెండు గుత్తల చరిత్రా పక్కపక్కన పెట్టి చూస్తే నాకో సంగతి తట్టింది.

1985లో వచ్చిన బూట్‌పీలో గుత్త లేదు. ఏ మెషీన్‌కి ఏ అడ్రసో అడ్మిన్ ముందే టేబుల్లో రాసిపెట్టాలి. రాస్తే ఇక అది దానిదే, పట్టా లాగా. వచ్చిపోయే మెషీన్లు పెరిగేసరికి ఇది కుదరలేదు. 1993లో డీహెచ్‌సీపీ వచ్చింది. ఇందులో సగం గడువు అవగానే క్లయింటే పొడిగించమని అడుగుతుంది. పొడిగింపు దొరక్క గడువు తీరితే అడ్రస్ వదిలేయాలి.

ఇక మా సీమ సంగతి. 1800లో ఆదోని నిజాం నుంచి కంపెనీ చేతికి వచ్చింది. కలెక్టర్ థామస్ మన్రో పొలాలు కొలిపించి, ఏది ఏ రైతు సాగులో ఉందో రాయించాడు. 1807లో ఆయన వెళ్ళిపోయాక కంపెనీ ఊళ్ళకి ఊళ్ళే గుత్తకిచ్చేసింది, మొదట మూడేళ్ళకి, తర్వాత పదేళ్ళకి. సర్కారుకి జవాబుదారీ గుత్తేదారు ఒక్కడే, కింద రైతులు పైకి కనబడరు. మన భాషలో చెప్పాలంటే నాట్! మన్రో 1820లో మద్రాసు గవర్నరయ్యాక రైత్వారీ మళ్ళీ కుదురుకుంది. కానీ అందులోనూ సర్కారుకి కావలసింది పట్టాదారు పేరే. అతని దగ్గర గుత్తకి చేసేవాడిది నోటిమాటే.

2019లో ఆంధ్రప్రదేశ్‌లో 11 నెలల సాగు ఒప్పందానికి చట్టం తెచ్చారు. దానికి యజమాని సంతకం కావాలి. పొలం ఎక్కడ చేజారుతుందోనని చాలామంది పెట్టరు. కాగితం లేని కౌలురైతుకి పంటరుణం పుట్టదు.

ఐఎస్‌సీ వాళ్ళ పాత డీహెచ్‌సీపీ సర్వర్ (2022 చివర్లో దాని నిర్వహణ ఆపేశారు) అడ్రస్ ఇచ్చేముందు ఆ లీజుని డిస్క్ మీద రాసేది, ఆ తర్వాతే క్లయింట్‌కి సరే అనేది. రాయకుండా ఇచ్చి రీబూట్ అయితే అదే అడ్రస్ ఇంకొకరికీ ఇచ్చేస్తుంది, ఇద్దరికీ నెట్‌వర్క్ పోతుంది.

అంటే, రాసుంది కాబట్టే గడువు లోపల క్లయింట్‌కి భరోసా. రాసుంది కాబట్టే గడువు తీరాక అడ్రస్ సర్వర్‌కి వెనక్కి వస్తుంది. కాగితం రాస్తే పొలం పోతుందనుకునే మనవాళ్ళు దీన్ని తిరగేసి చూస్తున్నారని నా అభిప్రాయం. ఊళ్ళో పొలం గుత్తకిచ్చి హైదరాబాదులో, బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న మనలో ఎంతమంది ఆ సంతకం పెట్టాం?