బస్సు డ్రైవర్ల నైపుణ్య పోటీలు

బస్సు నడపడమే బతుకుదెరువుగా ఉన్నవారి పనితనాన్ని కొలిచి, వారిలో మేటి ఎవరో తేల్చేవి బస్సు డ్రైవర్ల నైపుణ్య పోటీలు. ఇవి ముఖ్యంగా రెండు తీరుల్లో జరుగుతాయి. బ్రిటన్, అమెరికాల్లో మైదానంలో కోన్లు పేర్చి, గడియారం పెట్టి, ఒకటి రెండు రోజుల్లో విజేతను ప్రకటిస్తారు. మన ఆర్టీసీల్లో ప్రధానంగా నడిచేది వేరే తీరు. ఏళ్ల తరబడి ప్రమాదం లేకుండా బండి నడిపినవారిని, లీటరు డీజిల్‌తో ఎక్కువ దూరం వెళ్లినవారిని లెక్క తీసి డిపో నుంచి ఢిల్లీ దాకా సత్కరిస్తారు. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి డిపోల డ్రైవర్లు ఉన్నది ఈ రెండో తీరు పోటీలోనే. దీనికి దరఖాస్తు లేదు, తేదీ లేదు. డ్యూటీలో చేరి స్టీరింగ్ పట్టిన రోజే పేరు నమోదైనట్టు.

మైదానంలో పోటీ

బ్రిటన్‌లో ‘బస్ డ్రైవర్ ఆఫ్ ది ఇయర్’ పోటీ 1967లో మొదలైంది. ఫైనల్ బ్లాక్‌పూల్ అనే సముద్రతీర పట్టణంలో జరుగుతుంది. దేశం నలుమూలల కంపెనీల నుంచి వచ్చిన డ్రైవర్లకు రోడ్డు నిబంధనల మీద రాతపరీక్ష పెడతారు, ఊళ్లో బండి నడిపిస్తారు, ఇరుకు జాగాల్లో బస్సును మలుపు తిప్పి ఆపమంటారు.

అమెరికాలో ప్రజారవాణా సంఘం ‘ఆప్టా’ నిర్వహించే అంతర్జాతీయ బస్ రోడియో ఇంకా కఠినం. పోటీదారు ముందుగా బస్సు చుట్టూ తిరిగి నిర్వాహకులు కావాలని పెట్టిన లోపాలను పట్టుకోవాలి. తర్వాత చక్రాల కుర్చీని బస్సులో కదలకుండా బిగించి చూపాలి. ఆ తర్వాతే స్టీరింగ్. కోన్ల మధ్య పాములా మెలికలు తిరగడం, కుడి ఎడమల మలుపులు, స్టాపు దగ్గర ఫుట్‌పాత్‌కు తగలకుండా దగ్గరగా ఆపడం, వెనక్కి నడపడం, అన్నీ 7 నిమిషాల్లో ముగించాలి. ఒకచోట టెన్నిస్ బంతులు వరుసగా పేరుస్తారు. వెనక జంట టైర్లు వాటి మధ్య సందులోంచి బంతి కదలకుండా పోవాలి. టైర్లు డ్రైవరుకు అద్దంలో తప్ప కనపడవు, కాబట్టి ఇక్కడ పని చేసేది కంటిచూపు కన్నా బస్సు పొడవు మీద ఒంటికి పట్టిన అంచనా. చివరిది అందరినీ వణికించేది. రెండు వైపులా పీపాలు పోనుపోను దగ్గరవుతుంటాయి, వాటి మధ్య గంటకు 32 కిలోమీటర్లకు తగ్గని వేగంతో దూసుకుపోయి, ఎదురుగా ఉన్న గుర్తుకు తగలకుండా కొద్ది అంగుళాల దూరంలో ఆపాలి. మెకానిక్కులకు కూడా అదే వేదిక మీద జట్టు పోటీలు ఉంటాయి. బండి బాగుంటేనే డ్రైవరు బాగుంటాడన్న సంగతి నిర్వాహకులకు తెలుసు.

యువత వృత్తినైపుణ్యాలకు పెద్ద వేదికైన వరల్డ్ స్కిల్స్‌లో భారీ వాహనాల మరమ్మతు పోటీ ఉంది కానీ, బస్సు నడిపే పోటీ లేదు. ఉన్నా మనవాళ్లకు అందేది కాదు. అక్కడ చాలా విభాగాల్లో గరిష్ఠ వయసు 22 ఏళ్లు. మన చట్టం ప్రకారం రవాణా వాహనం లైసెన్సు రావాలంటేనే 20 నిండాలి.

రోడ్డు మీద పోటీ

భారతదేశంలోని ప్రభుత్వ రవాణా సంస్థలన్నిటికీ ఉమ్మడి వేదిక ‘ఏఎస్‌ఆర్‌టీయూ’. 1965 ఆగస్టు 13న ఏర్పడిన ఈ సమాఖ్య కేంద్ర కార్యాలయం న్యూఢిల్లీలో ఉంది. విడిభాగాలకు ఉమ్మడి రేట్లు కుదర్చడం దీని పాత పని. సంస్థలకు భద్రత, ఇంధన పొదుపు వంటి అంశాల్లో జాతీయ అవార్డులూ ఇస్తుంది. డ్రైవర్లను నేరుగా ఎంపిక చేసి ‘హీరోస్ ఆన్ ది రోడ్’ పేరుతో సన్మానించేది కూడా ఇదే. జాతీయ స్థాయిలో వృత్తి బస్సు డ్రైవర్ల పోటీకి మన దగ్గర అన్నిటికన్నా దగ్గరి రూపం ఇదే అనుకోవాలి. కొలత ఒక్కటే: ప్రమాదం లేని సర్వీసు.

ఆ కొలత ఎంత బరువైనదో చిన్న లెక్కతో తెలుస్తుంది. రోజుకు 300 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 రోజులు నడిపే డ్రైవరు ఏడాదికి 90 వేల కిలోమీటర్లు పోతాడు. ముప్పై ఏళ్ల సర్వీసుకు అది 27 లక్షలు. భూమి చుట్టూ అరవై ఏడు సార్లు తిరిగినంత. రోడియోలో ఏడు నిమిషాల తప్పు అక్కడితో సరి, ఇక్కడ ఇరవై తొమ్మిదో ఏట ఒక్క సంధ్యవేళ జరిగిన తప్పు రికార్డంతా తుడిచేస్తుంది. 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఆ రోడ్ల మీదే ఈ పోటీ.

కింది మెట్టు డిపోదే. ఏటా జనవరిలో రోడ్డు భద్రతా ఉత్సవాలప్పుడు ప్రమాదరహిత డ్రైవర్లను గ్యారేజీ ఆవరణలోనే నిలబెట్టి శాలువా కప్పుతారు. ఒకప్పుడు అది వారోత్సవం, 2021లో తొలిసారి మాసోత్సవంగా జరిగింది. డిపో జాబితా నుంచి రీజియన్‌కు, అక్కడి నుంచి హైదరాబాద్‌లోని ఆర్టీసీ ప్రధాన కార్యాలయం బస్ భవన్‌కు పేర్లు వెళతాయి. వరంగల్ రీజియన్‌లో తొమ్మిది డిపోలున్నాయి: హనుమకొండ, వరంగల్-1, వరంగల్-2, జనగామ, మహబూబాబాద్, నర్సంపేట, పరకాల, తొర్రూరు, భూపాలపల్లి. నిజాం ప్రభుత్వం 1932 జూన్‌లో 27 బస్సులతో మొదలుపెట్టిన రోడ్డు రవాణా విభాగానికి ఈ డిపోలు వారసులు. ఆ విభాగమే 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీగా, 2016లో టీఎస్‌ఆర్టీసీగా, 2024లో టీజీఎస్‌ఆర్టీసీగా పేరు మారుతూ వచ్చింది.

పోటీ మొదలయ్యేది స్టీరింగ్ దగ్గర కాదు, డిపో గేటు దగ్గర. తెల్లవారుజాము డ్యూటీకి వచ్చిన డ్రైవరు ముందుగా బ్రీత్ అనలైజర్‌లోకి ఊదాలి. తర్వాత బండి చుట్టూ ఒక ప్రదక్షిణ: టైర్లను తట్టి చూడటం, బ్రేకు గాలి మీటరు, వైపర్, హెడ్‌లైట్, వెనక లైట్లు. లోపం ఉంటే లాగ్ షీట్‌లో రాసి మెకానిక్‌ను పిలవాలి. అమెరికాలో కావాలని దాచి పెట్టిన లోపాన్ని వెతకాలి, ఇక్కడ దాచినవాడు ఎవరూ ఉండరు కాబట్టి లోపం ఉందో లేదో కూడా తెలియకుండా వెతకాలి. కొందరు దీన్ని రెండు నిమిషాల్లో తేల్చేస్తారు. పేరున్న డ్రైవర్లను చూస్తే తొందరపడనిది ఇక్కడే.

మూడు డిపోలు, మూడు రకాల దారులు

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి మూడూ 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా నుంచి విడివడి జిల్లాలయ్యాయి. డ్రైవరు కంటితో చూస్తే వీటికి పోలికే లేదు.

జనగామది హైవే పరీక్ష. హైదరాబాద్ నుంచి భూపాలపట్నం వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి ఆలేరు, జనగామ, స్టేషన్ ఘన్‌పూర్ మీదుగా కాజీపేట, హనుమకొండలకు పోతుంది. రోడ్డు వెడల్పుగా ఉంది కదా అని కాలు బరువైతే ముప్పు. పత్తి సీజన్లో జనగామ మార్కెట్‌కు వచ్చే ట్రాక్టర్లలో చాలావాటికి వెనక లైటు ఉండదు. కోతల కాలంలో ఊరి దగ్గర సర్వీసు రోడ్డంతా వడ్లు, మక్కలు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటారు. ఆ రాళ్లు రాత్రి అక్కడే ఉంటాయి. చీకట్లో ట్రాలీ నీడను దూరం నుంచే పసిగట్టి వేగం తగ్గించిన డ్రైవరుకు ఏ రికార్డులోనూ మార్కు పడదు, ఎందుకంటే జరగని ప్రమాదాన్ని రాసుకోవడానికి ఏ ఫారంలోనూ గడి లేదు. ఈ పోటీ తీరులోని పెద్ద లోటు అదే.

మహబూబాబాద్, అంటే జనం నోట మానుకోట, పల్లె వెలుగు డ్రైవర్ల సీమ. తండాలకు వెళ్లే సింగిల్ రోడ్లు, గూడూరు వైపు అడవి అంచు, మిర్చి వచ్చే రోజుల్లో కేసముద్రం, మానుకోట మార్కెట్ల దగ్గర బస్తాల బండ్ల వరుసలు. ఎదురుగా వాహనం వస్తే ఎవరో ఒకరు మట్టి అంచులోకి దిగాలి. వానాకాలం ఆ అంచు ఎంత మెత్తగా ఉందో దిగాకే తెలుస్తుంది. నాలుగు అడుగులకో చేయి ఎత్తే చోట క్లచ్చు, బ్రేకు పనే ఎక్కువ. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఎక్కే దిగే రద్దీ పెరిగి, ఫుట్‌బోర్డు మీద కన్నేసి ఉంచడం డ్రైవరు పనిలో పెద్ద భాగమైంది.

భూపాలపల్లిది లారీల మధ్య పరీక్ష. సింగరేణి కాకతీయ గనులు, చెల్పూరు థర్మల్ విద్యుత్ కేంద్రం, గోదావరి ఇసుక. మహదేవపూర్, కాళేశ్వరం నుంచి పరకాల దాకా వచ్చే 353సీ జాతీయ రహదారి మీద బస్సుకు ముందూ వెనకా టిప్పర్లే. కొత్త డ్రైవరు ఓవర్‌టేక్ చేయాలని చూస్తాడు, పాతవాడు ఓపిక పడతాడు. చలికాలం తెల్లవారుజామున అడవిలో పొగమంచు దిగితే ముందు లారీ ఎర్ర లైటు కూడా మాయమవుతుంది.

మేడారం

మూడు డిపోల డ్రైవర్లూ ఒకేచోట, ఒకే పరీక్షకు కూర్చునే సందర్భం ఒకటుంది. రెండేళ్లకోసారి మాఘమాసంలో వచ్చే సమ్మక్క సారలమ్మ జాతర. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగిన జాతరకు ఆర్టీసీ 6,000 ప్రత్యేక బస్సులు ప్రకటించింది. మేడారంలో తాత్కాలిక బస్టాండు కట్టి, ఊళ్ల వారీగా క్యూలైన్లు వేస్తారు. బస్సు వచ్చి జనాన్ని దించి, తన ఊరి వరుస వెతుక్కుని, అందులోకి వెనక్కి నడిపి నిలపాలి. దుమ్ము, జనరేటర్ లైట్లు, బస్సు వెనకే అడ్డంగా నడిచిపోయే జనం, తల మీద ‘బంగారం’ అని పిలిచే బెల్లం మూట, చంకలో పిల్ల, మేక తాడు. కండక్టరు వెనక నిలబడి బాడీ మీద చేత్తో కొట్టి ‘రైట్, రైట్, ఆపు’ అంటూ దారి చూపితే తప్ప ఆ రివర్స్ సాగదు. టెన్నిస్ బంతుల సందులోంచి టైరు పోనివ్వడాన్ని మెచ్చుకునేవారు ఒక్క రాత్రి ఇక్కడ నిలబడి చూడాలి. వేల బస్సుల్లో ఎవరు మేటిగా నిలిపారో లెక్క తీసే న్యాయనిర్ణేత మాత్రం ఉండడు.

లీటరు లెక్క

ఆర్టీసీలో ప్రతి డ్రైవరుకూ తెలిసిన అంకె కేఎంపీఎల్, అంటే లీటరు డీజిల్‌కు బస్సు నడిచిన కిలోమీటర్లు. సగటు అయిదుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. 350 కిలోమీటర్ల డ్యూటీలో 5 తెచ్చినవారికి 70 లీటర్లు కాలితే, 5.5 తెచ్చినవారికి దాదాపు 64 లీటర్లే. డిపోలో వందకు దగ్గరగా బస్సులుంటే రోజుకు ఆ తేడా ఎంతో వేరే చెప్పనక్కరలేదు. అందుకే మంచి కేఎంపీఎల్ డ్రైవర్ల పేర్లు బోర్డు మీద రాయడం, తక్కువ తెచ్చినవారిని సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ పక్క సీట్లో కూర్చుని దిద్దడం మామూలు. 1978లో ఏర్పడిన పెట్రోలియం పొదుపు పరిశోధనా సంఘం కూడా ఇంధనం పొదుపు చేసిన డిపోలను ప్రోత్సహిస్తుంది.

ఇందులో కిటుకు పెద్దదేం కాదు. స్టాపు కనపడగానే యాక్సిలరేటర్ వదిలి బండిని దాని ఊపులో పోనివ్వడం, క్లచ్చు మీద కాలు పెట్టి ఉంచకపోవడం, బస్టాండులో ఇంజన్ ఆపేయడం, టైర్లలో గాలి సరిగ్గా ఉంచుకోవడం. అయితే మానుకోట తండాల రూటుకూ, జనగామ హైవే ఎక్స్‌ప్రెస్‌కూ ఒకే అంకె పెట్టి పోల్చితే అన్యాయం. ఒకే రూటులో, ఒకే రకం బండిలో పోల్చితేనే ఆ పోటీకి అర్థం.

కొండగట్టు తర్వాత

2018 సెప్టెంబరు 11న జగిత్యాల డిపో బస్సు కొండగట్టు ఘాట్ రోడ్డులో లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. డ్రైవరూ బతకలేదు. బస్సులో వందకు పైగా ప్రయాణికులున్నారు. ఆ డ్రైవరు కొద్దివారాల ముందే డిపోలో ఉత్తమ డ్రైవరుగా ప్రశంస అందుకున్నాడని అప్పటి పత్రికలు రాశాయి. పురస్కారం అబద్ధమని దీని అర్థం కాదు. ఒక మనిషి చేతి నైపుణ్యం సామర్థ్యానికి మించిన జనాన్నీ, పాతబడిన బండినీ, ఆ దారిలో పంపిన నిర్ణయాన్నీ మోయలేదని మాత్రం అర్థం. అప్పట్లో అమల్లో ఉన్న 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అని, వరుసగా 5 గంటలు దాటకుండా అరగంట విశ్రాంతి ఉండాలని చెప్పేది. ఆ అరగంట దొరికిన డ్రైవరునూ, దొరకని డ్రైవరునూ ఒకే జాబితాలో పెట్టి ఎవరు సురక్షితమని అడిగితే జవాబు సరిగా రాదు.

కొత్త పోటీదారులు

లీటరు లెక్క ఇక ఎన్నాళ్లో చెప్పలేం. విద్యుత్ బస్సులకు కేఎంపీఎల్ వర్తించదు, యూనిట్ కరెంటుకు ఎన్ని కిలోమీటర్లు అన్నదే లెక్క. బ్రేకు మెల్లగా నొక్కితే బ్యాటరీకి కొంత తిరిగి చేరుతుంది కాబట్టి, డీజిల్ బండిలో నేర్చిన ‘ఊపులో పోనివ్వడం’ ఇక్కడా పనికొస్తుంది. అయితే ఈ బస్సుల్లో చాలావాటికి డ్రైవర్లను పెట్టేది వాటిని అద్దెకిచ్చిన కంపెనీ. ఆర్టీసీ అవార్డుల జాబితాల్లో వారికి చోటెక్కడన్నది ఇంకా తేలాల్సిన ప్రశ్న.

మరో మార్పు స్టీరింగ్ వెనక కూర్చునే మనిషిది. యాదాద్రి భువనగిరి జిల్లా సంస్థాన్ నారాయణపురం ప్రాంతపు లంబాడా తండా నుంచి వెళ్లిన వాంకుడోత్ సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా డ్రైవరయ్యారు. పదేళ్ల తర్వాత 2025లో తెలంగాణకు తిరిగివచ్చి, హైదరాబాద్-మిర్యాలగూడ మార్గంలో ఆర్టీసీ బస్సు నడిపారు. అదే ఏడాది ఆర్టీసీలో వెయ్యి డ్రైవరు పోస్టులకు నోటిఫికేషన్ వెలువడింది. ఎంపికైనవారు ముందుగా ఎక్కాల్సింది ట్రైనింగ్ బస్సు. డిపో జాబితాలో వారి పేర్ల పక్కన ప్రమాదరహిత సర్వీసు గడి సున్నా నుంచి మొదలవుతుంది.