చెయ్యి వణకకముందే పొట్ట చెప్పిందా? పార్కిన్సన్స్ వెనక 200 ఏళ్ల కథ

తాతయ్యకి చెయ్యి వణికితే కంగారుపడి డాక్టర్ దగ్గరకి తీసుకెళ్తాం. అదే ఆయన పదేళ్లుగా మలబద్ధకంతో బాధపడుతుంటే? "వయసు కదా, రెండు చక్కెరకేళి పళ్లు తిను తాతయ్యా" అని వదిలేస్తాం. ఈ రెండిటికీ లింక్ ఉండొచ్చని సైన్స్ ఒప్పుకోవడానికి దాదాపు 200 ఏళ్లు పట్టింది.

1817లో లండన్ డాక్టర్ జేమ్స్ పార్కిన్సన్ ఈ వణుకు జబ్బు మీద చిన్న పుస్తకం రాశారు. అందులో ఉన్నది ఆరుగురే. వాళ్లలో కొందరిని ఆయన వీధిలోనే గమనించారు. వణుకు, ముందుకు వంగిన నడకతో పాటు పేగులు మందగించడం గురించి కూడా రాశారు. కానీ అందరి కళ్లూ వణికే చేతి మీదే ఆగిపోయాయి.

ఇంకోపక్క, 1899లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు కుక్క పేగుకి బయట నుంచి వచ్చే నరాలు తెంపి చూశారు. అయినా పేగు తిండిని ముందుకు నెడుతూనే ఉంది! అంటే నెట్ పోయినా ఆఫ్‌లైన్‌లో నడిచే యాప్ లాంటిదన్నమాట. పేగు గోడల్లోనే కోట్లాది నరాల కణాలున్నాయి.

మరి పొట్టకీ మెదడుకీ దారేంటి? వేగస్ నరం. కొవ్వూరుకీ రాజమండ్రికీ మధ్య మన రోడ్ కం రైలు వంతెన ఎలాగో, ఇదీ అలాగే, రెండు వైపులా ట్రాఫిక్. 1912లో లెవీ అనే జర్మన్ డాక్టర్ పార్కిన్సన్స్ రోగుల మెదడులో వింత ముద్దలు చూశారు. ఎక్కడో తెలుసా? మిగతా చోట్లతో పాటు, మెదడు అడుగున ఈ వేగస్ నరం బయల్దేరే చోట కూడా! 1988లో జపాన్ వాళ్లు అవే ముద్దల్ని పేగు నరాల్లో చూపించారు. ఆ ముద్దల్లో ఉండేది మడత తప్పిన ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ అని 1997లో తేలింది. 2003లో జర్మనీకి చెందిన బ్రాక్ ఒక అడుగు ముందుకేసి, జబ్బు పొట్టలో మొదలై ఈ వంతెన మీదుగా పైకి వెళ్తుందేమో అన్నారు. అందరిలోనూ ఇలాగే జరగదు, కొందరిలో మెదడులోనే మొదలవుతుందని ఇప్పుడు అనుకుంటున్నారు.

ఇక లెక్కలు. హవాయిలో 6,790 మంది మగవాళ్లని 1970ల్లో "రోజుకి ఎన్నిసార్లు విరోచనం అవుతుంది?" అని అడిగి, ఏళ్ల తరబడి గమనించారు. ఫలితం 2001లో వచ్చింది. రోజుకి ఒకసారి అయ్యేవాళ్లతో పోలిస్తే, అంతకంటే తక్కువ అయ్యేవాళ్లకి పార్కిన్సన్స్ రిస్క్ 2.7 రెట్లు!

భయపడకండి. ఆ మొత్తం మందిలో జబ్బు వచ్చింది 96 మందికే. మలబద్ధకం ఒక్కటే ఉంటే అది నీళ్లు తక్కువ తాగడం వల్ల కావచ్చు, వాడే మాత్రల వల్ల కావచ్చు. కానీ దానికి తోడు పులస పులుసు ఉడుకుతున్నా వాసన తెలియకపోవడం, నిద్రలో కలకి తగ్గట్టు కేకలేస్తూ తన్నడం, చేతిరాత చిన్నదైపోవడం ఉంటే న్యూరాలజిస్ట్‌కి చూపించండి.

ఈ కథలో మన వైపు పేజీ కూడా ఉంది. 1937లో, కొవ్వూరు ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, మద్రాసు యూనివర్సిటీ ల్యాబ్‌లో దామోదరన్, రామస్వామి కలిసి దూలగొండి గింజల నుంచి ఎల్-డోపా వేరు చేశారు. 1960ల్లో పార్కిన్సన్స్‌కి పెద్ద మందైంది అదే. అలాగని గింజలు సొంతంగా మింగొద్దు, డోసు తేడా కొడుతుంది. ఇక్కడా పొట్టదే పాత్ర: ఆ మాత్ర రక్తంలోకి వెళ్లేది చిన్న పేగు నుంచే. పొట్ట మెల్లగా కదిలితే మందు పనిచేయడమూ లేటే. అందుకే మలబద్ధకం సంగతి సిగ్గుపడకుండా డాక్టర్‌కి చెప్పాలి.

వెన్ను నుంచి తీసిన ద్రవంలో ఆ చెడ్డ ప్రొటీన్‌ని పట్టే పరీక్ష రోగుల్లో దాదాపు 88 శాతం మందిలో పనిచేసిందని 2023లో చూపించారు. జబ్బుని పూర్తిగా ఆపే మందు ఇంకా రాలేదు. వచ్చిన రోజున అది బాగా పనికొచ్చేది ముందుగా పట్టుకున్నవాళ్లకే. ఎందుకంటే చెయ్యి వణికేసరికి డోపమైన్ తయారుచేసే కణాల్లో చాలా భాగం పోయి ఉంటుంది.

కాబట్టి ఈసారి తాతయ్యకి ఫోన్ చేసినప్పుడు "తిన్నావా?" అని అడిగి ఆగిపోకండి. "పొట్ట ఎలా ఉంది, నిద్ర ఎలా పడుతోంది?" అని కూడా అడగండి. మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం!