కలప ఎవరిది? మార్లవాయి బడి నుంచి మన దాకా



పిడుగురాళ్ల అంటే సున్నపు బట్టీలు. ఈ చుట్టుపక్కల బడి అనగానే మనకు గుర్తొచ్చేది సిమెంటు గది, లేకపోతే రేకుల షెడ్డు. ఏప్రిల్ ఎండకి ఆ రేకుల కింద కూర్చున్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మరి మన పెద్దలు ఇళ్లు కట్టుకున్న కర్ర, వెదురు, మట్టి బడి దాకా ఎందుకు రాలేదు? ఇది చరిత్రలో చూడాల్సిన ప్రశ్న.

ఆదిలాబాద్ గోండుల ఇల్లు చూడండి. టేకు స్తంభాలు, వెదురు తడికె, దానిమీద మట్టి, పేడ పూత, పైన గడ్డి. ఒక స్తంభం పుచ్చితే ఆ ఒక్కటే మారుస్తారు. పైకప్పు తిరగ నేయాలంటే ఊరంతా ఒక చెయ్యి వేస్తారు. మేస్త్రీ, కాంట్రాక్టరు, బిల్లు అనే మాటే లేదు. ఇల్లు కట్టే ఈ చేతులకి బడి కట్టడం కొత్త పని కాదు.

అయితే నిజాం కాలంలో అడవికి గీతలు గీసి రిజర్వు చేశారు. గీత లోపల ఉన్న ఊళ్లను ఖాళీ చేయించారు. తరతరాలుగా వాడుకున్న టేకు ఒక్కసారిగా సర్కారుదైంది, కొట్టినవాడు దొంగ అయ్యాడు. కొమురం భీమ్ పోరాటం ఇక్కడి నుంచే పుట్టింది. 1940లో జోడేఘాట్ దగ్గర ఆయన్ని చంపేశారు.

ఆ తర్వాతే సర్కారుకి గిరిజనుల బాధ ఏంటో తెలుసుకోవాలనిపించింది. ఆ పని హైమెండార్ఫ్‌కి అప్పగించారు. అంతకుముందు కృష్ణకి అవతలి ఒడ్డున, నల్లమలలో చెంచుల మధ్య ఉండి అధ్యయనం చేసింది ఈయనే. భార్య బెట్టీతో కలిసి మార్లవాయి అనే గోండు ఊళ్లో, గోండుల్లాగే గుడిసెలో ఉన్నారు. 1943లో అక్కడే గోండు యువకులకి టీచర్ ట్రైనింగ్ మొదలైంది. వాచకాలు గోండీ భాషలో, దేవనాగరి లిపిలో తయారుచేశారు. ఊరి పిల్లలకి ఊరివాడే పంతులు. బెట్టీ సమాధి ఇప్పటికీ మార్లవాయిలోనే ఉంది.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. భాష మనది, పంతులు మనవాడు, ఊరు మనది. కలప మీద హక్కు మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పటి సంగతికి వద్దాం. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ప్రకారం, గ్రామసభ సిఫారసు చేస్తే బడి కోసం హెక్టారులోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. హెక్టారుకి 75 చెట్లు మించి కొట్టకూడదు. అదే చట్టం చిన్న అటవీ ఉత్పత్తుల్లో వెదురుని చేర్చింది, కలపని చేర్చలేదు. అంటే బడికి జాగా అడగొచ్చు, వెదురు మీద హక్కు ఉంది, టేకు మీద లేదు.

వెదురు మూడు నాలుగేళ్లలో కోతకొస్తుంది. టేకు ముదరాలంటే కొన్ని దశాబ్దాలు పడుతుంది. కాబట్టి వెదురు ఎక్కువ, కర్ర తక్కువ, గోడకి మట్టి, పైన మన పిడుగురాళ్ల సున్నం. ఇలా కడితే చల్లగా ఉంటుంది, రిపేరు మన చేతిలో ఉంటుంది.

కానీ ఒక్క జాగ్రత్త. "గిరిజనులకి పాకలు చాలు" అని ఎవరూ దీన్ని సాకు చేసుకోకూడదు. పునాది రాయితో ఉండాలి, చెదలు పట్టని కర్ర కావాలి, నిప్పు నుంచి రక్షణ ఉండాలి, మరుగుదొడ్డి, కరెంటు అన్నీ ఉండాలి. పట్నం బడికి ఏముంటుందో మన బడికీ అవే ఉండాలి.

అడవి పక్క ఊళ్లలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈసారి గ్రామసభలో బడి మాట వస్తే సెక్షన్ 3(2) చదివి వినిపించండి. తీర్మానం రాయించండి. మీ ఊరి పాత బడి దేంతో కట్టారో పెద్దల్ని అడిగి కింద రాయండి. మన చరిత్ర మనమే రాసుకుందాం.